జూలై పద్నాలుగు తర్వాతి గళ్ళు

సోసమ్మ పాఠం చెబుతుంటే పక్క గదిలో పిల్లలు కూడా తమ పుస్తకాలు పక్కన పెట్టి చెవులు ఇటు పడేస్తారని ఆ నర్సింగ్ కాలేజీలో ఒక ప్రతీతి. ఇరవై రెండేళ్ళుగా ఆమె చెప్పే పాఠం ఒకటే. రోగిని మందు ఒక్కటే బాగుచెయ్యదు, రోగి పడుకున్న చోటు కూడా బాగుచేస్తుంది. గాలి, వెలుతురు, మంచి నీళ్ళు, నిశ్శబ్దం, వేళకు ఇంత వేడి తిండి, మడతలు పడని పక్క. ఇవన్నీ సమకూర్చి పెట్టడమే నర్సు పని, మిగిలింది ఒంట్లో ఉన్న శక్తే చూసుకుంటుంది అనేది. "డాక్టరు వార్డుకి వచ్చి వెళ్తాడు. వార్డులో ఉండేది మీరు" అని ఆమె అన్నప్పుడు వెన్ను నిటారు చేసుకోని పిల్ల ఉండేది కాదు.

అయితే సోసమ్మ వార్డులో అడుగుపెట్టి పదకొండేళ్ళయింది. కాలేజీకీ ఆసుపత్రికీ మధ్య ఉన్నది వంద అడుగుల వరండా. పిల్లలు రోజూ ఆ వరండా మీదుగా వెళ్ళి వచ్చేవాళ్ళు, వాళ్ళు రాసుకొచ్చిన కాగితాలు ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఆమెకు అది చాలనిపించేది.

ఆ ఏడాది ఆమె ఒక పరిశోధనా పత్రం రాస్తోంది. ఆగస్టు చివర్లో కొచ్చిలో నర్సింగ్ అధ్యాపకుల సభ ఉంది. మొండి పుళ్ళు మానడానికీ, రోగి చుట్టూ ఉన్న పరిస్థితులకూ సంబంధం ఏమిటన్నది విషయం. మూడో సంవత్సరం పిల్లలకు తలా ఒక రోగిని అప్పజెప్పింది. వారానికోసారి పుండు మీద పల్చటి పారదర్శకమైన కాగితం ఆనించి, దాని అంచు గీసుకుని, గళ్ళ కాగితం మీద పెట్టి ఎన్ని గళ్ళు వచ్చాయో లెక్కపెట్టాలి. పక్కనే రోగి నిద్ర, తిండి, చుట్టూ చప్పుడు, వెలుతురు అన్నీ రాయాలి.

వచ్చిన కాగితాలన్నిట్లోకీ ముత్యాల్లాంటివి లీబావి. లీబా ఇడుక్కి కొండల నుంచి వచ్చిన పిల్ల, మాట తక్కువ. ఆమె చూస్తున్న రోగి పేరు తేవి. వయసు అరవై ఆరు. వెంబనాడు సరస్సులో మునిగి గుల్లలు ఏరి బతికే మనిషి. చక్కెర జబ్బు. ఎడమ అరికాలు గుల్ల అంచు కోసుకుని పుండు పడింది. సోసమ్మకు ఈమె తేవిగా తెలియదు, నాలుగో కేసుగా తెలుసు. జూన్ పదహారున నలభై ఒక్క గళ్ళు. తరువాత ముప్ఫై నాలుగు. ఇరవై ఆరు. పంతొమ్మిది. జూలై పద్నాలుగున పదమూడు. మెట్లు దిగుతున్నట్టు దిగుతున్న ఆ అంకెలు చూసుకుని సోసమ్మ మురిసిపోయింది. పత్రానికి వెన్నెముక ఇదే అనుకుంది.

ఆ జూలై పద్నాలుగునే ప్రిన్సిపాల్ ఈప్పెన్ మేడమ్ ఆమెను పిలిచింది. పదహారో తారీకు నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళు ముగ్గురు తనిఖీకి వస్తున్నారు. కాలేజీకి గుర్తింపు కొనసాగాలంటే ఆసుపత్రి వార్డులు కూడా కంటికి ఇంపుగా ఉండాలి. వార్డు వాతావరణం నీ సబ్జెక్టే కదా, ఆడవాళ్ళ సర్జరీ వార్డు నువ్వు సర్దించు అంది. సోసమ్మ కళ్ళజోడు తుడుచుకుని, పదకొండేళ్ళ తరువాత ఆ వంద అడుగులూ నడిచి వెళ్ళింది.

వార్డు గుమ్మంలో నిలబడగానే ఆమెకు మొదట వినిపించింది ఒక కేక. కాలవ వైపు కిటికీ పక్క మంచం మీద ఒక నల్లటి బక్కపలచటి ముసలావిడ కమ్మీలకు మొహం ఆనించి కింద పోతున్న పడవతో మాట్లాడుతోంది. ఎడమ కాలు ఒక చెక్కపీట మీద, మడత పెట్టిన చాప మీద ఎత్తి పెట్టుకుంది. కిటికీ గూట్లో ఒక తుప్పు పట్టిన డబ్బా, దువ్వెన, దారపుండ, ఒక గుప్పెడు గుల్లలు.

"తేవీ, అక్కడే కాపరం పెట్టేశావా?" కింద పడవలోంచి ఒకావిడ అరిచింది.

"పెట్టక? ఇక్కడ వండక్కర్లేదు, కూర్చోబెట్టి పెడతారు. నువ్వు కూడా ఓ కాలు కోసుకుని వచ్చెయ్!"

వార్డంతా నవ్వింది. ఆ పక్క మంచం మీద కడుపు ఆపరేషన్ అయినావిడ పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. సోసమ్మ నవ్వలేదు. ఆమె కంటికి తనిఖీకి వచ్చే ముగ్గురి మొహాలే కనిపిస్తున్నాయి.

ఆమె గబగబా చెప్పేసింది. ఈ రోగిని చివర పద్దెనిమిదో మంచానికి మార్చండి. గుమ్మంలోంచి చూస్తే అది కనపడదు. కిటికీ తలుపులు మూసి తెరలు కట్టండి. ఆ పీటా, ఆ చెత్తా స్టోరుగదిలో పడెయ్యండి. కిటికీ పక్కన ఎవరైనా శుభ్రంగా కనిపించే రోగిని పెట్టండి.

లీబా ఆ వేళ అక్కడే డ్యూటీలో ఉంది. రెండడుగులు ముందుకు వేసి, "మేడమ్, ఆవిడ అక్కడుంటేనే..." అని ఏదో చెప్పబోయింది.

"నిశ్శబ్దం గురించి నేను పాఠం చెప్పిన రోజు నువ్వు క్లాసుకి రాలేదా?" అంది సోసమ్మ, అందరికీ వినపడేలా.

లీబా మొహం ఎర్రబడింది. తల దించుకుంది. సోసమ్మ కాస్త మెత్తబడి, రెండు రోజులేగా, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మార్చెయ్యండి అని వెనక్కి తిరిగింది. లీబాయే పీట ఎత్తుకుని స్టోరుగది వైపు వెళ్ళడం ఆమె కంటి కొసన పడింది. ముసలావిడ పెద్ద సిస్టరు చెప్పినప్పుడు మారడమే కదా అన్నట్టు తన డబ్బా తను ఒళ్ళో పెట్టుకుని, ఆయా తంకమణి భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళింది.

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. ఆడవాళ్ళ సర్జరీ వార్డును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. రెండు రోజులు గడిచాయి, నాలుగు గడిచాయి. మళ్ళీ మార్చమని సోసమ్మ ఎవరికీ చెప్పలేదు. నిజానికి ఆ సంగతే ఆమెకు గుర్తు లేదు. ఆమె చెప్పి మార్పించిన మంచాన్ని ఆమె చెప్పకుండా వెనక్కి మార్చే ధైర్యం వార్డులో ఎవరికీ లేదు.

ఆగస్టు పదో తారీకుకు అందరి కాగితాలూ వచ్చాయి, లీబావి తప్ప. రెండుసార్లు కబురు పెడితే పన్నెండున తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. కర్కాటక మాసపు వాన బయట కుండపోతగా పడుతోంది. మధ్యాహ్నం టీ తాగుతూ సోసమ్మ ఆ కాగితాలు తెరిచింది.

జూలై పద్నాలుగు, పదమూడు గళ్ళు. ఇరవై ఒకటి, పద్దెనిమిది గళ్ళు. ఇరవై ఎనిమిది, ముప్ఫై ఒకటి. ఆగస్టు నాలుగు, నలభై ఆరు. ఆ తరువాతి వరుసలో అంకె లేదు. "ఆగస్టు తొమ్మిది, ఎడమ కాలి మూడు వేళ్ళు తీసేశారు" అని ఉంది.

టీ గ్లాసు పక్కన పెట్టి ఆమె పక్క గడిలోవి చదివింది. లీబా చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. "జూలై 14: మంచం మార్చారు. జూలై 15: కొత్త మంచం స్నానాలగది పక్కన. తలుపు చప్పుడు పగటి పూట ఎనభై నాలుగు సార్లు. తల మీద ట్యూబులైటు ఆర్పరు. నిద్ర రెండు గంటలు. కాలు ఎత్తి పెట్టుకునే పీట లేదు. జూలై 17: గంజి సగం వదిలేసింది. ఎందుకని అడిగితే ఆకలి లేదంది. జూలై 19: నేల మీద నీళ్ళు, కట్టు తడిసింది. మార్చాను. జూలై 20: మళ్ళీ తడిసింది. జూలై 23: పగలంతా గోడ వైపు తిరిగి పడుకుంటోంది. నన్ను, ఈ రోజు ఏ వారం అని మూడుసార్లు అడిగింది."

మంచం మార్చారు. ఎవరు మార్చారో లీబా రాయలేదు.

మొదట సోసమ్మకు సిగ్గు కలగలేదు. కోపం వచ్చింది. చక్కెర జబ్బు మనిషి, వానాకాలం, ముసలితనం. మంచం మారినంత మాత్రాన వేళ్ళు పోతాయా అనుకుంది. ఆసుపత్రి నుంచి కేసు షీటు తెప్పించి చూసింది. "రోగి ఆహార నియమం పాటించలేదు, తీపి తిన్నట్టు ఒప్పుకుంది" అని డాక్టరు రాశాడు. ఆ వాక్యం దొరికాక మునిగిపోయేవాడికి పుల్ల దొరికినట్టయింది. తప్పు రోగిదే. తరువాత ఆమె పత్రంలో నాలుగో కేసు పట్టిక కింద ఒక అడ్డగీత గీసింది. అధ్యయన కాలం జూన్ పదహారు నుంచి జూలై పద్నాలుగు వరకు అని రాసింది. ఎవరూ అబద్ధం అనలేని వాక్యం అది. రాశాక కలానికి మూత పెట్టింది.

కొచ్చి సభలో నాలుగు వందల మంది ఉన్నారు. తెర మీద ఆ అయిదు అంకెలు మెట్లలాగా దిగుతుంటే హాలంతా నిశ్శబ్దంగా చూసింది. ఆమె కూడా తన గొంతు తనే వింటూ, ఎప్పటికన్నా బాగా మాట్లాడింది. చప్పట్లు ఆగాక వెనక వరుసలోంచి రిటైరైన మేట్రన్ ఒకావిడ లేచింది. ఎనభై ఏళ్ళుంటాయి, చేతికర్ర ఉంది.

"బాగుంది టీచర్. ఆ నాలుగో కేసు గుల్లలావిడ ఇప్పుడెలా ఉంది?"

సోసమ్మ చెప్పడానికి నిజంగా చాలా మాటలున్నాయి. కానీ నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"బాగానే ఉంది."

ఆ ముసలి మేట్రన్ సంతోషంగా తల ఊపి కూర్చుంది. మూడో వరుసలో కాలేజీ పిల్లలు కూర్చున్నారు. లీబా తన నోటుబుక్కు మూసి, దాని అట్ట మీద అరచెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి వైపే చూస్తూ కూర్చుంది. సోసమ్మ పత్రానికి మొదటి బహుమతి ప్రకటించినప్పుడు పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. లీబా కూడా లేచింది. చప్పట్లు కొట్టిందో లేదో చూసే ధైర్యం సోసమ్మకు లేకపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు కాలేజీలో గాలి ఆడలేదు. పట్టికలో గీసిన గీతకైతే సమర్థన ఉంది. నోటితో అన్న ఆ రెండు ముక్కలకు లేదు. బాగానే ఉంది. అన్నం తింటుంటే ఆ మాట, చర్చిలో మోకరిల్లితే ఆ మాట. స్టాఫ్ రూములో శాలువా కప్పి కేకు కోయించారు. కేకు ముక్క పళ్ళెంలోనే వదిలేసింది. మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం మొదలుపెట్టి "గాలి, వెలుతురు" దాకా వచ్చి ఆగిపోయింది. మంచి నీళ్ళు అనాలి తరువాత. ఆ నీళ్ళు నేల మీద పారుతున్నట్టు, వాటిలో ఎవరిదో కట్టు తడుస్తున్నట్టు అనిపించింది. తలనొప్పి అని చెప్పి క్లాసు వదిలేసింది. వరండాలో లీబా ఎదురైతే తనే పక్కకు తిరిగి నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడింది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళ పిల్లను చూసి దాక్కుంది.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆమె వార్డుకు వెళ్ళింది.

పద్దెనిమిదో మంచం దగ్గర తంకమణి తుడుపుకర్రతో ఉంది. "చూసుకుని రండి మేడమ్, ఇక్కడెప్పుడూ తడే" అంది. ఆ మాట అయ్యేలోపే సోసమ్మ కాలు నీళ్ళలో పడింది. స్నానాలగది తలుపు దభాల్న మూసుకుంది. మంచం మీది మనిషి ఉలిక్కిపడలేదు; అలవాటైపోయినట్టుంది. పెద్ద సిస్టరు వచ్చిందని చూసి పమిట సర్దుకుని లేవబోయింది. సోసమ్మ వద్దని చేత్తో ఆపి, కూర్చోవడానికి ఏమీ లేక నిలబడే ఉంది.

ఎలా ఉందని అడిగింది. తేవి నవ్వింది. ఎవరడిగినా చెప్పి చెప్పి అరిగిపోయిన కథలా చెప్పింది. తప్పంతా తనదేనట. చెల్లెలి కూతురు అజిత చూడ్డానికి వస్తూ బెల్లపు ఉణ్ణియప్పాలు తెచ్చిందట. వద్దనుకుంటూనే సగం తిన్నదట.

"సగమేనండి సిస్టర్. దేవుడి మీద ఒట్టు, సగమే. దానికే మూడు వేళ్ళు పోయాయి. నిండుగా ఒకటి తినుంటే మోకాలిదాకా పోయేదన్నమాట."

తంకమణి కిసుక్కున నవ్వింది. వార్డులో ఆవిడని ఇప్పుడు ఉణ్ణియప్పం చేచి అంటారట, చేచి అంటే వాళ్ళ దగ్గర అక్క. తేవి కూడా నవ్వింది కానీ, నవ్వు సగంలో ఆగిపోయి మొహం గోడవైపు తిప్పుకుంది. అజితను పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టిందట. నన్ను చంపడానికే తెచ్చావు, ఇంకెప్పుడూ నా గడప తొక్కకు అందట. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్ళి మూడు వారాలైందట. ఇంక తీపి ముట్టనని అమ్మవారికి మొక్కుకున్నదట.

సోసమ్మ తన పత్రంలో అడ్డగీత కింద దాచిన తప్పును ఈ మనిషి ఇన్నాళ్ళుగా తన నెత్తిన మోస్తోంది. సోసమ్మ తంకమణిని కాసేపు అవతలికి వెళ్ళమని, మంచం కోడు పట్టుకుంది.

"వేళ్ళు పోయింది సగం అప్పానికి కాదు తేవీ చేచీ" అంది. "అది ముప్ఫై రోజుల్లో ఒక పూట. పుండు మానుతూనే ఉంది. నిన్ను ఇక్కడికి మార్చాకే తిరగబెట్టింది. నిద్ర లేదు, తిండి లేదు, కాలు కిందికి వేలాడింది, కట్టు నీళ్ళలో తడిసింది. అన్నీ రాసున్నాయి. నేను చదివాను."

తేవి మొహం ఇటు తిప్పింది.

"మార్చమన్నదెవరు?"

"నేనే."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు సోసమ్మ ముందే జవాబు కట్టుకుని రావలసింది. కట్టుకోలేదు. "ఆ రోజు పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. చూసేందుకు బాగుండదని" అంది.

"ఏది? నేనా?"

సోసమ్మకు ఏడుపు వస్తోంది, కానీ ఈ మనిషి ముందు ఏడిస్తే ఓదార్చే పని కూడా ఆమె మీదే వేసినట్టవుతుందని పళ్ళు బిగించి నిలబడింది. తేవి తన చేతులు ముందుకు చాచి తిప్పి చూసుకుంది. యాభై ఏళ్ళు ఉప్పునీళ్ళలో నాని గోళ్ళు అరిగిపోయిన చేతులవి.

"ఆ పిల్లని మనసు విరిగేలా తిట్టాను" అంది. "దానికెవరు చెబుతారు?"

"నేను చెబుతాను. ఈ వేళే వెళ్తాను."

"వెళ్ళు. పెద్దమ్మ పిలుస్తోందని చెప్పొద్దు. నువ్వు చేసింది నువ్వు చెప్పు. వస్తే వస్తుంది." పిలుపులో మీరు పోయి నువ్వు వచ్చిందని సోసమ్మ గమనించింది. "ఇంక పో. నాకు అలుపొస్తోంది."

వెళ్ళేముందు, ఇప్పుడే నిన్ను మళ్ళీ కిటికీ దగ్గరికి మార్పిస్తానంది సోసమ్మ. తేవి ఒప్పుకోలేదు. కిటికీ పక్కనున్న ఆవిడ కూడా ఒంట్లో బాగోలేకనే వచ్చింది కదా, ఆమెను లేపి ఈ తడిలో పడెయ్యడం ఏమిటంది. దానికి బదులు ఆ తలుపుకు ఏదైనా చెయ్యమంది, తల మీద లైటు ఆర్పమంది. సోసమ్మ తలుపు చట్రానికి తన చేత్తోనే గుడ్డపేలికలు చుట్టింది. లైటు స్విచ్చు ఎక్కడుందో తెలియక తంకమణిని అడగవలసి వచ్చింది.

అజిత ఉండేది కాలవ అవతల. ఫెర్రీ దిగి గట్టు మీద పావుగంట నడిస్తే, నాలుగు పెద్ద గంగాళాల్లో గుల్లలు ఉడుకుతున్న పాక కనిపించింది. ఆవిరిలో ముప్ఫై అయిదేళ్ళ మనిషి జల్లెడ పడుతూ ఉంది. తెల్ల చీరలో ఉన్న టీచరమ్మను చూసి, పెద్దమ్మకు ఏమైందని జల్లెడ వదిలేసింది. ఏమీ కాలేదని చెప్పి, చెప్పవలసింది సోసమ్మ నిలబడే చెప్పింది. చుట్టూ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పని ఆపి విన్నారు. ఆ రోజు కింద పడవలోంచి కేక వేసిన ఆవిడ కూడా వాళ్ళలో ఉంది. ఆవిడే ముందు మాట్లాడింది.

"మేము రోజూ ఆ కిటికీ కింద ఆగి పిలిచేవాళ్ళం. తెరలు కట్టేసి ఉండేవి. మామీద అలిగిందేమో అనుకుని మానేశాం" అంది.

అజిత కూర్చోమనలేదు. చేతులు కడుక్కుని, గంగాళం చూడమని పక్కావిడకు చెప్పి, గొడుగు తీసుకుంది. ఫెర్రీలో సోసమ్మ పక్కన కాకుండా అవతలి చివర కూర్చుంది. దిగాక ఆసుపత్రి గేటు దాటి వార్డు దాకా ముందే నడిచింది. గుమ్మంలోంచి పెద్దమ్మను చూసి మాత్రం పరుగెత్తింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో సోసమ్మ వినలేదు. వరండాలోనే ఆగిపోయింది. అక్కడ ఉండే అర్హత తనకు లేదనిపించింది.

ఆ వారమే ఆమె సభ వాళ్ళకు ఉత్తరం రాసింది. జూలై పద్నాలుగు తర్వాతి అంకెలన్నీ జతచేసి, తను దాచానని, అడిగినప్పుడు అబద్ధం చెప్పానని రాసి, బహుమతి పత్రం తిరిగి పంపింది. ముసలి మేట్రన్ పేరు కనుక్కుని ఆమెకు విడిగా ఇంకొకటి రాసింది. విషయం తెలిసి ఈప్పెన్ మేడమ్ తల పట్టుకుంది.

"ఆ ముసలమ్మకి క్షమాపణ చెప్పావుగా సోసా, అంతటితో పోయేదిగా. ఊరందరికీ దండోరా వెయ్యడం దేనికి?" అంది. తరువాత గొంతు తగ్గించి, ఇక నుంచి పరిశోధనల బాధ్యత ఇంకొకరికి ఇస్తున్నానని చెప్పింది. సోసమ్మ సరేనంది. సభ వాళ్ళు తమ పత్రిక చివరి పేజీలో మూడు వాక్యాల సవరణ వేశారు. మేట్రన్ నుంచి జవాబు రాలేదు.

మూడో సంవత్సరం క్లాసులో సోసమ్మ లీబా పట్టిక మొత్తం బోర్డు మీద రాసింది, పదమూడు తర్వాత పద్దెనిమిది, ముప్ఫై ఒకటి, నలభై ఆరు. మంచం మార్చింది నేను అంది. పాఠంలో నిశ్శబ్దం మంచిదని చెప్పానే గానీ, ఆ మనిషికి ఏది చప్పుడు, ఏది తోడు అని వార్డుకి వెళ్ళి అడగలేదంది. పడవ మీది కేకలు తేవికి మందు. తలుపు చప్పుడు రోగం. పుస్తకంలో రెండింటినీ చప్పుడనే అంటారు. ఈ తేడా నాకు పుస్తకం చెప్పలేదు, లీబా రాసిన కాగితం చెప్పింది అంది. పిల్లలెవరూ తలెత్తలేదు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటుంటే చూడ్డం పిల్లలకు కూడా ఇబ్బందే.

క్లాసు అయ్యాక లీబాను ఉండమంది. అందరి ముందు ఆ రోజు అలా అన్నందుకు నన్ను క్షమించు అంది. లీబా పుస్తకాలు గుండెకు హత్తుకుని నిలబడింది.

"ఆ పీట స్టోరుగదిలో పెట్టింది నేనే మేడమ్. నా చేత్తోనే పెట్టాను" అంది. "మీరు రెండు రోజులన్నారు. మూడో రోజు వచ్చి మీ గది ముందు నిలబడ్డాను. లోపలికి రాలేకపోయాను. మళ్ళీ నలుగురిలో అంటారేమోనని."

"ఎంతసేపు నిలబడ్డావు?"

"చాలాసేపు. తరవాత ఇంకో రెండు రోజులు కూడా వచ్చాను."

సోసమ్మ గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. పాఠాలు రాసుకునేటప్పుడు అలికిడి ఉండకూడదని. ఆ తలుపుకు ఇవతల తను రాసుకుంటుంటే, అవతల ఈ పిల్ల మూడు రోజులు నిలబడి వెళ్ళిపోయింది. అప్పటికి పుండు పద్దెనిమిది గళ్ళు దాటలేదు. అప్పటికి వేళ్ళున్నాయి.  నీ తప్పు కాదమ్మా అంది. లీబా నమ్మినట్టు కనిపించలేదు.

తేవి ఓణం పండగకు ముందు ఇంటికి వెళ్ళింది. ఇక నీళ్ళలో దిగకూడదన్నారు. గట్టు మీద కూర్చుని ఉడికిన గుల్లల్లోంచి మాంసం తీసే పని చేస్తోందని, నీళ్ళలోకి దిగే వాళ్ళని చూసి పొద్దస్తమానం తిడుతోందని అజిత కట్టు మార్పించడానికి తీసుకొచ్చినప్పుడు తంకమణితో చెప్పింది. సోసమ్మతో అజిత ఇప్పటికీ మాట్లాడదు. తేవి మాట్లాడుతుంది, తక్కువగా. ఒకసారి మాత్రం, ఆ మంచం ఇంకా అక్కడే ఉందా అని అడిగింది. తీయించేశామని, ఆ చోట ఇప్పుడు తుడుపుకర్రలూ బకెట్లూ పెడుతున్నారని సోసమ్మ చెప్పింది. తేవి సరేనన్నట్టు తల ఊపింది.

అక్టోబరు నుంచి సోసమ్మ వారానికి మూడు పూటలు వార్డులో పని అడిగి వేయించుకుంది. ప్రొఫెసరు కట్లు కట్టడమేమిటని కొందరు చాటుగా నవ్వుకున్నారు. మొదటి రోజు ఒక రబ్బరు తోట కూలావిడ మోచేతికి కట్టు కట్టడానికి ఆమెకు పావుగంట పట్టింది. గుడ్డ ఒకచోట బిగిసింది, ఒకచోట వదులైంది. ఆవిడ ఓపికగా చూసి, చూసి, చివరికి పక్కనున్న లీబాను పిలిచి మళ్ళీ కట్టించుకుంది. సోసమ్మ పక్కకు జరిగి, లీబా చేతులు ఎలా కదులుతున్నాయో చూస్తూ నిలబడింది.